బ్రేకుల్లేని స్కిట్

"ఇది స్కిట్‌కి వద్దు సార్. ముందు రవాణా ఆఫీసుకి పంపిద్దాం," అంది ఉత్తరాలు విప్పే అమ్మాయి.

హాస్య రచయిత ఆమె చేతిలోంచి ఉత్తరం లాక్కున్నాడు. చదువుతూ ఉంటే ఆయన ముఖం చాటంత అయింది.

రాసింది ఒక స్కూలు బస్సు డ్రైవరు. బస్సుకి బ్రేకులు పడటం లేదట. గేర్లు దించుకుంటూ, చివరికి టైర్లని ఫుట్‌పాత్ అంచుకి రాపాడించి ఆపుతున్నాడట. యజమానికి చెబితే ఉద్యోగం మానుకోమన్నాడు. రవాణా ఆఫీసులో మూడు దరఖాస్తులు ఇచ్చినా దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. 'మీరు టీవీలో వేళాకోళం చేస్తేనైనా వాళ్లకి సిగ్గొస్తుందేమో బాబూ, పసిపిల్లలండీ' అని రాశాడు పాపం.

"బంగారంలాంటి స్కిట్!" అన్నాడు రచయిత. "డ్రైవరు కేక పెట్టగానే పిల్లలందరూ కాళ్లు బయటపెట్టి, చెప్పులు రోడ్డుకి రాసి బస్సు ఆపుతారు. జనం పొట్టలు చెక్కలవ్వాలి!"

జనం ఆయన్ని ఊరికే నెత్తిన పెట్టుకోలేదు. వంతెన కూలినట్టు స్కిట్ వేసి నవ్వించాడు, పది రోజులకి వంతెన కూలింది. నీళ్ల ట్యాంకు పగిలినట్టు నవ్వించాడు, నెల తిరక్కుండా ట్యాంకు పగిలింది. అప్పట్నుంచీ ఆయన త్రికాలజ్ఞాని. ఆ జోస్యాలు రెండూ ప్రేక్షకులు మొరపెట్టుకున్న ఉత్తరాల్లోంచి వచ్చాయని ఆ గదిలో ఉన్న ఇద్దరికే తెలుసు.

"వంతెన కింద తొమ్మిదిమంది పోయారు సార్. మనం అప్పుడే చెప్పుంటే..."

"చెబితే బాగుచేసేవాళ్లు. బాగుచేస్తే కూలేది కాదు. కూలకపోతే నన్నెవడు దేకుతాడు?"

"ఇందులో పిల్లలున్నారు సార్!"

"నీ పిల్లలా? పెళ్లే కాలేదు కదా నీకు! వెళ్లి టీ చెప్పు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. టీ చెప్పింది. ఆయన మేకప్ గదికి వెళ్లగానే సొరుగు లాగి, ఉత్తరాన్ని తన సంచిలో వేసుకుంది.

ఆ సాయంత్రం స్కిట్ ప్రసారమైంది. ఊరంతా పడీపడీ నవ్వింది. పక్కవాటా వాళ్ల నవ్వులు గోడ దాటి వినిపిస్తుంటే ఆమెకి ముద్ద దిగలేదు.

మర్నాడు ఆఫీసు తలుపులు తెరిచేసరికి ఆమె రవాణా అధికారి ముందు నిలబడి ఉంది.

"సార్, నిన్న టీవీలో వచ్చిన బస్సు స్కిట్..." అంటూ ఉత్తరం బల్లమీద పెట్టింది. నవ్వి పంపేస్తాడేమోనని ఆమె భయం.

అధికారి నవ్వలేదు. చేతిలోని ఫైలు మూసి, కుర్చీ చూపించాడు.

"కూర్చోమ్మా. అది నవ్వే విషయం కాదు. ఆయన స్కిట్ వేశాడంటే జరిగి తీరుతుంది. వంతెన చూశాం, ట్యాంకు చూశాం."

ఆమెకి పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. రచయిత మహిమ ఏపాటిదో చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఇప్పుడు ఆ నమ్మకమే అక్కరకొస్తుంటే చెడగొట్టడమెందుకని మింగేసింది.

"ఇది ఆ బస్సు డ్రైవరు రాసిన ఉత్తరం సార్. ఇందులో బండి నంబరుంది."

"అక్కర్లేదమ్మా. స్కిట్ చూడగానే పోల్చుకున్నాను. ఆ డ్రైవరు నా దగ్గరికే మూడుసార్లు వచ్చాడు. నేనే పట్టించుకోలేదు, తప్పు నాదే." అధికారి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "మా పాప కూడా ఆ బస్సులోనే వెళ్తుంది. మా ఆవిడ రాత్రంతా ఒకటే ఏడుపు. ఇంక ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకూడదనుకున్నాను. ఇవాళ పొద్దున్నే చెయ్యాల్సింది చేసేశాను."

ఆమెకి కళ్లనీళ్లు ఆగలేదు. రెండు చేతులూ జోడించింది.

"దేవుడిలా అడ్డుపడ్డారు సార్! పిల్లలందరినీ కాపాడారు!"

"అందరినీ నేనెలా కాపాడతానమ్మా, ఆయన రాశాక తప్పుతుందా? మా పాపనొక్కదాన్నీ ఇవాళ్టి నుంచి నా కార్లో దింపుతున్నాను."