తీయని కవరు

వారంటీ అయిపోయిన మర్నాడు పొద్దున్నే తాయారమ్మ ఇంట్లో ఫ్రిజ్ పని మానేసింది.

"పదేళ్ళూ నిన్నటితో అయిపోయాయమ్మా. ఇవాళ్టి నుంచి నన్ను బీరువా అనుకోండి," అంది మర్యాదగా.

తాయారమ్మ చేతిలో అప్పుడే రుబ్బిన దోసెల పిండి గిన్నె ఉంది. రేపటికల్లా పిండి పులిసి పొంగిపోతుంది. ఆవిడ రెండో చేత్తో వంటింటి గోడని తట్టి వినియోగదారుల కోర్టుని పిలిచింది. తణుకులో ఇప్పుడందరూ కోర్టుని పాలవాణ్ణి పిలిచినట్టే పిలుస్తున్నారు. గోడ మీద జడ్జిగారు, ఆయన పక్కన కంపెనీ లాయరు కనిపించారు.

యంత్రాలకి అబద్ధం చెప్పడం రాదు కనుక జడ్జిగారు నేరుగా ఫ్రిజ్‌నే అడిగారు. "చట్టం ప్రకారం కవరు తీసిన రోజు నుంచే వారంటీ లెక్క. నీ కవరు ఎప్పుడు తీశారు?"

"ఇంకా తీయలేదండీ. ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచి, దాని మీద అల్లిక గుడ్డ కూడా కప్పారు. నా రంగేమిటో నాకే తెలీదు."

"అయితే వారంటీ ఇంకా మొదలే కాలేదు. నువ్వు నీ పని చూసుకో."

ఫ్రిజ్ నిట్టూర్చి చల్లబడసాగింది.

"పోనీ, ఇప్పుడైనా ఆ కవరు తీసెయ్యండమ్మా," అని లాయరు బతిమాలాడు.

"కొత్త వస్తువు మాసిపోదూ? మా మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి తీస్తాను."

"పాపకి ఇప్పుడెన్నేళ్ళమ్మా?" ఫ్రిజ్ ఆశగా అడిగింది.

తాయారమ్మ పిండిగిన్నె లోపల పెట్టి తలుపు మూసింది.

"ముందు మావాడికి పెళ్ళి కానీ."