పేరు లేని శోకం

"పీనుగ లేంది ఏడువుడు నాతోని గాదు సార్," అంటూ సాలమ్మ మైకు ముందు నుంచి లేచి నిలబడింది.

దయాకర్ గడియారం చూశాడు. అప్పటికే రెండు దాటింది. పవర్ కట్ల కాలం. నాచారంలో ఉన్న అతని స్టూడియోకి నాలుగు తర్వాత కరెంటు ఉండదు. ఏడుపు ఆలోపే రికార్డు కావాలి, సాయంత్రానికల్లా కంపెనీకి చేరాలి.

అది వీడియో గేమ్ కోసం ఏడుపు. 'కోల్డ్ వార్డ్' అని పన్నెండేళ్లుగా వస్తున్న దయ్యాల ఆట ఉంది. అందులో హీరో పాడుబడ్డ ఆసుపత్రిలో తుపాకీ పట్టుకుని పరుగెడుతుంటాడు. వరండాల్లో దుప్పటి కప్పిన శవాలుంటాయి. ఆడేవాళ్లు వాటిని దాటుకుని పోతుంటారు. కంపెనీవాళ్లకు ఏ బుద్ధి పుట్టిందో, ఇప్పుడు ఆ శవాల్లో ఒక్కోదానికి ఒక్కో చిన్న ఆట తయారుచేసి, ఫోన్లలో ఆడుకునేలా వేరే సిరీస్‌గా వదులుతున్నారు. తల్లి ఆట కన్నా ఈ పిల్ల సిరీసే ఎక్కువ అమ్ముడుపోతోంది. దానికి శబ్దాలు చేసేవాడు దయాకర్.

మూడో ఆటలోని శవం నా అన్నవాళ్లు లేనివాడిది. చివర్లో ఒక ముసలమ్మ వచ్చి అతని మీద పడి ఏడుస్తుంది. అప్పుడు అతనికి విముక్తి, ఆట సమాప్తం. ఆ ఏడుపు దొంగ ఏడుపైతే మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

సాలమ్మ మల్లాపూర్‌లో ఒక మందుల కంపెనీలో ఊడుస్తుంది. చుట్టుపక్కల బస్తీల్లో ఎవరు పోయినా ఆమె వచ్చి శోకం పెడితేనే చావుకు నిండుదనం. అంత పేరున్న మనిషి గంట నుంచి మైకు ముందు దగ్గుతోంది తప్ప ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఎదురుగా ఎవరూ లేకుండా ఎవరి కోసం ఏడవాలని ఆమె ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

పోనీ ఎవరినైనా పడుకోబెడతానన్నాడు దయాకర్. సాలమ్మ చెంపలు వేసుకుంది.

"బతికినోళ్ల మీద శోకం పెడితె అది ఊకె పోదు సార్. ఆ మనిషిని తీస్కొనే పోతది. ఎవ్వల ఉసురో నాకెందుకు?"

తలుపు దగ్గర నిలబడి వింటున్న వాచ్‌మన్ కొమురెల్లి నవ్వాడు. తాను పడుకుంటానన్నాడు. తన పెళ్లాం ఎలాగూ ఏడవదట, ఎవరైనా ఏడిస్తే ఎట్లా ఉంటుందో బతికుండగానే వినాలని ఉందట. సాలమ్మకు ఆ నవ్వు నచ్చలేదు. చివరికి, అతను ముఖం కనపడకుండా నిండా కప్పుకోవాలని, తాను పేరు పెట్టి పిలవనని, అతనికేమైనా అయితే ఆ పాపం దయాకర్‌దేనని చెప్పి ఒప్పుకుంది. దయాకర్ సరేనన్నాడు.

రికార్డింగ్ గదిలో చాప పరిచి తెల్ల దుప్పటి పెట్టాడు. ఇంతలో గేటు దగ్గర లారీ హారన్ మోగింది. ఒక్క నిమిషంలో వస్తానని కొమురెల్లి పరుగెత్తాడు. సాలమ్మ ముఖం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లింది. దయాకర్ రెండు గదుల మధ్యనున్న గాజు అద్దానికి ఇవతల మిషన్ ముందు కూర్చుని, వైర్లన్నీ సరిచూసుకుని తలెత్తేసరికి, చాప మీద మనిషి తల నుంచి కాళ్ల దాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. సాలమ్మ వచ్చి తలాపున కూర్చుంది.

"కదలకు కొమురెల్లీ. నీ ఊపిరి చప్పుడు గూడ మైకుల పడొద్దు," అని చెప్పి దయాకర్ రికార్డు నొక్కాడు.

కొమురెల్లి బుద్ధిమంతుడిలా ఉన్నాడు. ఊపిరి చప్పుడు ఇసుమంత కూడా లేదు. సాలమ్మ దుప్పటి మీద నుంచి అతని నుదుటిని తాకి, చేయి చటుక్కున వెనక్కి తీసుకుంది. ఏసీ చల్లదనం అనుకున్నాడు దయాకర్. ఆ తర్వాత ఆమె మరి దగ్గలేదు.

శోకం సన్నగా మొదలైంది. పేరు పెట్టి పిలవనన్న మనిషి ఆ పేరు కోసమే ఏడుస్తోంది. "ఏ తల్లి కన్నదిరా బిడ్డా, నీ పేరేందిరా బిడ్డా, పిలుద్దమంటె నోటికి రాకపాయె బిడ్డా..." మాటలొద్దు, ఏడుపు చాలని తానే చెప్పిన సంగతి దయాకర్ మరిచిపోయాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. సొంత మేనమామ పోయినప్పుడు కూడా అతను అంతగా ఏడవలేదు.

శోకం ఆగింది. దయాకర్ ముక్కు తుడుచుకుని, ఇక లెమ్మన్నాడు. చాప మీద మనిషి లేవలేదు. మళ్లీ పిలిచాడు. దుప్పటి కదల్లేదు.

చిల్కానగర్‌లో కొమురెల్లి భార్యా ఇద్దరు పిల్లలూ దయాకర్ కళ్ల ముందు మెదిలారు. ఒక ఆట కోసం నిండు ప్రాణం తీశాను అనుకున్నాడు. లేచి లోపలి గది వైపు అడుగేశాడు.

వెనుక తలుపు తెరుచుకుంది.

"తప్పయింది సార్. లారీ గల్లీల ఇరుక్కుంటె మెయిన్ రోడ్డు దాంక ఎనకకు తీపిచ్చిన. ఇగ పండుకుంట," అన్నాడు కొమురెల్లి, చెమట తుడుచుకుంటూ.

దయాకర్ అతని చేయి గట్టిగా పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ సంతోషం నిలవలేదు. ఇద్దరూ ఒకేసారి అద్దంలోంచి లోపలికి చూశారు.

సాలమ్మ దుప్పటి మీదికి వంగి, చెవి దగ్గరగా పెట్టి ఏదో వింటోంది. విని, తలూపింది. తర్వాత నెమ్మదిగా మైకు వైపు తిరిగింది.

"కొమురెల్లన్నను పొమ్మను సార్. గీయన ఇంకొకపారి ఏడువమంటున్నడు."