బూట్లలో ఇసక

సుకుమారి మొగుడి బూటు బోర్లించి గడప మీద రెండు దెబ్బలు కొట్టింది. గుప్పెడు ఇసక రాలింది.

“చూశావా ఫెబీ?”

“ఖతర్లో బూటు దులిపితే ఇసక కాక వడ్లు రాలతాయా అమ్మా?” అంది కూతురు ఇస్త్రీ ఆపకుండా.

“ఐన్ ఖాలిద్‌లో మనింటి చుట్టూ సిమెంటేగా! ఇది వాసన చూడు. పశువు కంపు. ఆదివారం ఊరికి విమానం ఎక్కాలి. ఈయన సంగతేదో తేలకుండా ఈయన పక్క సీట్లో నేను కూర్చోను, అంతే.”

కూతురి దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చాక, ఐదు వారాల నాడు చర్చి ఆవరణలో ఈ అనుమానం మొదలైంది. శకుంతలట, అమలాపురం వైపు మనిషి, అల్ షహానియాలో ఒంటెల ఫారంలో వంట చేస్తుందట. మొగుడు ధర్మరాజు మొహం చూసి దెయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయింది. ఆయన్ని పక్కకి పిలిచి ఏదో చెవిలో చెప్పింది. తిరిగొచ్చిన మనిషి మొహంలో నెత్తురు లేదు.

“ఎవరండీ?” అంటే “మనవైపు మనిషిలే” అన్నాడు.

అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం ఆరాధన అవగానే మాయం. పొద్దు వాలాక రావడం. పెట్టెలో ఆవకాయ సీసా పోయింది. మొన్న పూతరేకుల పొట్లం పోయింది. పైగా మీసం కత్తిరించుకున్నాడు!

టీ గ్లాసు పట్టుకుని ధర్మరాజు బాల్కనీలో కూర్చున్నాడు. ఈమధ్య ఎప్పుడు చూసినా మిలట్రీ ఊసే.

“ఇరవయ్యెనిమిదేళ్ళు చేశాను సుకుమారీ. మంచులో పడుకున్నాను, ఎడారిలో పడుకున్నాను. సిపాయిగా వెళ్ళి సుబేదారుగా వచ్చాను. ఒక్కరోజైనా నేను కోరుకున్న ఉద్యోగం కాదది.”

“వెయ్యిసార్లు విన్నాను.”

“ఎంపికైనట్టు ఇంటికి ఉత్తరం వచ్చింది. వెళ్ళకపోతే పోలీసులొచ్చి ఇంటిల్లిపాదినీ పట్టుకుపోతారని మా నాన్న వణికిపోయాడు. నా రెక్క పట్టుకుని లాక్కెళ్ళి రైలెక్కించాడు. ట్రైనింగులో హాజరు పిలిస్తే పలకలేదని రైఫిలు నెత్తిన పెట్టించి మైదానం చుట్టూ పరిగెత్తించారు. ఒక్క వారంలో మూడుసార్లు!”

“ఇప్పుడు మాత్రం? నాలుగుసార్లు పిలిస్తేగానీ పలకరుగా.”

పెళ్ళినాడూ అంతే. “ధర్మరాజు అను నీవు ఈ సుకుమారిని...” అని పాస్టరుగారు అడిగితే గుటకలు మింగుతూ నిలబడ్డాడు. ఆయన రెండోసారి అడగాల్సి వచ్చింది. మిలట్రీ పెళ్ళికొడుక్కి ఫిరంగుల మోతకి చెవులు పోయాయని ఆమె పిన్నికూతుళ్ళు ఒకటే నవ్వు.

“పతకాలిచ్చారు,” అన్నాడు ధర్మరాజు. “గోడకి పెట్టబుద్ధి కాలేదు. ఎవరిదో ఎత్తుకొచ్చినట్టుండేది.”

“అది సరే. శుక్రవారాలు ఎటెళ్తున్నారు?”

ధర్మరాజు గ్లాసు కింద పెట్టి లేచాడు.

“నడకకి.”

సుకుమారికి ఆ రాత్రి నిద్రలేదు. ఏం తెలుసు తనకి ఈ మనిషి గురించి? కొడుకు మిలట్రీకి వెళ్ళిన ఏడాదే మామగారు సొంతూరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఎందుకో చెప్పలేదు. ఆ ఊరు ఒక్కసారి చూపించమంటే ఈయన తీసుకెళ్ళలేదు. ఆ ఉత్తరం వచ్చిన వారమే తమ్ముడు జేమ్స్ బొంబాయి పారిపోయాడని, మళ్ళీ కబురు లేదని అత్తగారింట్లో చెప్పేవారు. పాపం అత్తగారు, పోయేముందు ఈయన చెయ్యి పట్టుకుని “జేమ్సూ, జేమ్సూ” అని ఆ పారిపోయినవాణ్ణే కలవరించింది. ఈయన ఆ అరచేతిలో మొహం పెట్టుకుని ఏడ్చాడే తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

అన్నీ కడుపులో దాచుకునే మనిషి. ఇంకో సంసారం దాచుకోవడం ఇతనికేం కష్టం?

శుక్రవారం చర్చి గేటు ముందు ధర్మరాజు ఒక పికప్ వ్యాను ఎక్కాడు. ముందు సీట్లో శకుంతల ఉంది.

“పోనీ ఫెబీ, దాని వెనకాలే!”

“అమ్మా, సినిమా చేస్తున్నావా?”

“నోరుమూసుకుని కారు తోలు!”

ఊరు వెనకబడింది. కంచెలు, ఒంటెలు, దుమ్ము. పికప్ ఒక ఫారం ముందు ఆగింది. వీళ్ళు వెతుక్కుంటూ లోపలికి వెళ్ళేసరికి శకుంతల టీ గ్లాసులతో ఎదురొచ్చింది.

“మా ఆయనేరీ?”

“షెడ్డులో ఉన్నారమ్మగారూ. మిమ్మల్ని ఓసారి తీసుకురమ్మని నేను చెప్తానే ఉన్నాను.”

“ఎందుకూ? నీ మొహం చూపించడానికా?”

“నా మొహంలో ఏముందండీ చూడ్డానికి!” అంది శకుంతల అయోమయంగా.

సుకుమారి చరచరా షెడ్డులోకి వెళ్ళింది. నులకమంచం మీద పళ్ళూడిన ముసలాయన. పక్కన ధర్మరాజు పూతరేకు తుంపి ఆయన నోట్లో పెడుతున్నాడు. అదే ముక్కు, అవే దొప్ప చెవులు, నవ్వితే అదే సొట్ట.

ఆమె గుండెల మీంచి బండ దిగింది. అక్కడే ఇసకలో కూలబడి ముసలాయన చెయ్యి పట్టుకుంది.

“జేమ్సూ! నువ్వా నాయనా! ఇన్నేళ్ళూ ఎక్కడున్నావయ్యా? మీ అమ్మ నీ పేరే తలుచుకుంటూ పోయింది తెలుసా?” మొగుడి వైపు తిరిగింది. “తమ్ముడు దొరికాడని నాకు చెబితే ఏం పోయేదండీ? ఏవేవో అనుకుని మాడిపోయాను! అయ్యో, ఈ ఎండలకి చూడండి, అన్నకంటే పెద్దవాడిలా అయిపోయాడు!”

పూతరేకు ధర్మరాజు చేతిలోనే నలిగి పొడైంది.

ముసలాయన అతని వైపు చూశాడు. “ఇంకా చెప్పలేదురా?” అన్నాడు.

ధర్మరాజు మెల్లగా లేచి, హాజరుకి నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు. ముసలాయన సుకుమారికి చేతులు జోడించాడు.

“జేమ్స్ వాడమ్మా, ధర్మరాజుని నేను.”