వెయ్యిన్నీ ఇరవై ఒక్క రాళ్ళు

“ఒకటి మిగిలిందంటే తొమ్మిది మాయం చేశారన్నమాట!” గుమాస్తా వెంకటప్పయ్య మిగిలిన నాపరాయిని చెప్పుకాలితో తన్ని అరిచాడు.

పాలిషు యార్డులో ఆరుగురు ఆడకూలీలు పొద్దున్నుంచీ రాళ్ళు పేరుస్తున్నారు. వరుసకు పది. నూట రెండు వరుసలొచ్చి ఒకటి మిగిలింది. వరుసలన్నీ సమానంగా ఉంటేనే సరుకు సరిగ్గా ఉన్నట్టని యజమాని పెట్టిన రూలు. తేడా వస్తే గేటు తెరవరు.

కుసుమ గేటు వైపు చూసింది. ఇంటి దగ్గర ఎనిమిది నెలల పాపకు జ్వరం. ఐదింటి గురజాల బస్సు తప్పితే రేపటిదాకా ఇంకొకటి లేదు.

“మేమెందుకు తీస్తాం బాబాయ్? లారీలోంచి దించిందే వెయ్యిన్నీ ఇరవై ఒకటి.”

“నోటిలెక్కలు నాకొద్దు. పన్నెండు చొప్పున పేర్చండి.”

పేర్చారు. ఎనభై ఐదు వరుసలు. ఒకటి మిగిలింది.

“ఓర్నాయనో! ఇప్పుడు పదకొండు పోయినయ్యా!”

పదిహేను చొప్పున పేర్చారు. మళ్ళీ ఒకటే.

“పద్నాలుగా! పేర్చేకొద్దీ దొంగతనం పెరగతందేందే?”

“కొంగున కట్టుకుపోను అయ్యేమన్నా జామకాయలా?” పోలమ్మ నడుం పట్టుకుని కసిరింది.

కుసుమ సుద్దముక్క తీసుకుని రాతి మీదే భాగహారాలు చేసింది. ఏడో తరగతి సగంలో మానేసినా అవి మాత్రం మరవలేదు. ఏడుతో పోలేదు. పదమూడుతో పోలేదు. ముప్ఫై ఒకటి దాకా చూసింది. దేనితోనూ పోలేదు.

“బాబాయ్, ఇది ప్రధాన సంఖ్య. ఒకటితో, దానితోనే తప్ప దేంతోనూ పోదు. ఎట్టా పేర్చినా సమానం రాదు.”

“ప్రధాన మంత్రి తెలుసు. ప్రధాన సంఖ్య ఏందే?”

“పోనీ, ఒకటి తీసి పక్కన పెట్టు. అప్పుడు చక్కగా సరిపోద్ది.”

“యజమాని సొత్తు నేను తీస్తానా? టీ తాగొస్తా. ఈలోగా మొత్తం పీకి మళ్ళీ పది చొప్పున పేర్చండి.”

వరుసలు పీకుతున్న సందడిలో కుసుమ ఒక రాయిని పాలిషు బురద గుంటలోకి జారవిడిచింది. ఇప్పుడు వెయ్యిన్నీ ఇరవై. పదికి నిక్షేపంగా పోతుంది.

వెంకటప్పయ్య వచ్చి వరుసలు చూశాడు. చివరి వరుసలో తొమ్మిదే ఉన్నాయి.

పోలమ్మ కుసుమ చెవి దగ్గర గొణిగింది.

“అదేందే, ఒకటి తగ్గితే చాలన్నావుగా? నేనొకటి గుంటలో పారేశా గదా!”

“పీకండి మళ్ళీ!” గుమాస్తా కుర్చీ తెచ్చి గుంట పక్కనే వేసుకు కూర్చున్నాడు. “ఈసారి నా కళ్ళముందే పేర్చాలి. ఎంత చొప్పునో నువ్వే చెప్పవే, లెక్కల పంతులమ్మా!”

రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. కుసుమ వెయ్యిన్నీ పంతొమ్మిది రాసి గబగబా భాగించింది. మూడు, ఏడు, పదకొండు... ముప్ఫై ఒకటి దాకా వచ్చి సుద్దముక్క విసిరికొట్టింది.

అదీ ప్రధాన సంఖ్యే.