చెయ్యి పడని మిషన్లు

“దాని మీద చెయ్యి పడిందో, ఆ చెయ్యి విరిచేస్తా!”

పెద్దాయన అరిచిన అరుపుకి, పాత సామాను ఎత్తుకెళ్ళడానికొచ్చిన తుక్కు మనిషి హడలిపోయి, ఎత్తబోయిన కంప్యూటర్ని ఉన్నచోటే వదిలేశాడు. గదినిండా అలాంటివే. పసుపురంగు తిరిగిన పాతకాలపు కంప్యూటర్లు, ఒక్కోటీ ఒక్కో దుప్పటి ముక్కలో చుట్టి గోడవారగా పేర్చి ఉన్నాయి. ఆఫీసులవాళ్ళు పారేస్తుంటే వెంటపడి, బతిమాలి, ఆయన మోసుకొచ్చుకున్నవి.

“నన్నడక్కుండా వీణ్ణెవరు పిలిచారు?”

“నేనే పిలిచాను,” అంది కూతురు. చేతిలో చీపురుంది. “ఇంకా ఎంతకాలం నాన్నా? పిల్లలిద్దరూ హాల్లో చాప మీద పడుకుంటున్నారు. నీ డబ్బాలకి మాత్రం విడిగా గది, దానికో తాళం, పైన ఫ్యానూ!”

“డబ్బాలా? ఇలాంటివి మళ్ళీ పుట్టవే! వీళ్ళ చేతికిస్తే సుత్తి పెట్టి పగలగొట్టి, ఇంత రాగీ ఇంత ఇనుమూ ఏరుకుంటారు. కసాయివాళ్ళు!”

“మేమూ అన్నమే తింటున్నాం పెద్దాయనా,” అన్నాడు తుక్కు మనిషి, నొచ్చుకుంటూ.

“నీకేం తెలుసయ్యా వీటి సంగతి? పాతికేళ్ళుగా ఒక్క స్క్రూ కదల్చలేదు. మూత కూడా తియ్యలేదు. కంపెనీ నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి. అదిగో, ఆ మూల ఉన్నది కావాలంటే పట్టుకుపో. పదకొండూ బంగారంలా ఉన్నాయి, అదొక్కటే నాశనమైంది. అంతా ఈ మహాతల్లి చలవే!”

కూతురి మొహం జేవురించింది.

“ఆ మాట అనకుండా నీకు ఒక్కరోజు గడవదు కదా! ఎనిమిదేళ్ళ పిల్లనని కూడా చూడకుండా నా చెంప వాచిపోయేలా కొట్టావు. నెల్లాళ్ళు నా మొహం చూళ్ళేదు. ఓ ఇనపడబ్బా కోసం!”

“మూత ఊడదీసి పట్టకారుతో లోపల కెలుకుతుంటే ముద్దెట్టుకోమంటావా? ఏం పీకావో చూడ్డానిక్కూడా మనసొప్పక అలాగే మూల పడేశాను. ఆ రోజే ఈ గదికి తాళం పడింది!”

వీళ్ళ గొడవ మధ్య ఎందుకని, తుక్కు మనిషి ఆ మూల ఉన్నదాన్ని తీసుకెళ్ళి బండిలో పెట్టి వచ్చాడు. వచ్చేసరికి కూతురు చీపురు ఆడిస్తూ తేల్చి చెబుతోంది.

“సరే. ఒక్కటంటే ఒక్కటి వెలిగించి చూపించు. వెలిగితే చచ్చినా ఈ గది జోలికి రాను. వెలక్కపోతే అన్నీ బండెక్కుతాయి. సరేనా?”

“ఒక్కటేంటి, అన్నీ వెలిగిస్తా. కళ్ళప్పగించి చూడు!”

తనకి అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని బల్ల మీదకి చేర్చాడు. చంటిపిల్లకి పక్కబట్టలు తీసినట్టు దుప్పటి విప్పాడు. వైర్లు కలిపాడు, స్విచ్చి వేశాడు.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“ప్లగ్గు లూజు,” అని ప్లగ్గు మార్చాడు. తర్వాత మిషను మార్చాడు. రెండోదీ అంతే. మూడోది చిటపటమని ఊరుకుంది. నాలుగోదాని స్విచ్చి పదిసార్లు వేసి తీశాడు.

“మూత తీసి చూడనా?” అన్నాడు తుక్కు మనిషి.

“ముట్టుకోకు!” అని కసిరాడుగానీ, గొంతులో ఇందాకటి జోరు లేదు. ఆయనే స్క్రూలు విప్పాడు. మూత లేవగానే పుల్లటి వాసన ముక్కుకి కొట్టింది. బోర్డు మీద పచ్చగా చిలుము పేరుకుని, సన్నటి తీగలన్నీ పొడిపొడిగా రాలిపోతున్నాయి.

“అయ్యో, బ్యాటరీ కారిపోయిందండీ,” అన్నాడు తుక్కు మనిషి. “మా దగ్గరికి ఏ మిషనొచ్చినా ముందు తేదీ గుర్తుపెట్టుకునే ఆ బుల్లి బ్యాటరీ కత్తిరించి పారేస్తాం. వదిలేస్తే దాని రసం మొత్తం బోర్డుని తినేస్తుంది. ఈ పనిలో మొదటిరోజే చెబుతారు. మీకు తెలీదా?”

తెలుసు. ఎందుకు తెలీదు! ఒక్క పార్టు తీసినా అసలు మిషను కాకుండా పోతుందని, చూద్దాం చూద్దామని, పాతికేళ్ళు తీయలేదు. మిగతావాటి మూతలూ తీశాడు. పదకొండింటిదీ ఒకటే గతి.

“వీటికా నేను ఇన్నేళ్ళూ మాటలు పడ్డాను?” కూతురి గొంతు కీచుమంది. “ఇంకేం చూస్తావు బాబూ, ఎత్తు. అన్నీ ఎత్తు!”

పెద్దాయన అడ్డం రాలేదు. గోడకి చేరగిలబడి, తనని తానే తిట్టుకుంటూ కూర్చున్నాడు. తుక్కు మనిషి రెండు మిషన్లు బండికి చేర్చాడు. మూడోదానికి రాలేదు. కాసేపటికి, మొదట పట్టుకెళ్ళినదాన్ని వెనక్కి మోసుకొచ్చాడు.

“దీని మూత సగం ఊడి ఉంటే లోపలికి చూశానండీ. బోర్డు అద్దంలా మెరిసిపోతోంది. ఓసారి పెట్టి చూడండి.”

“అది ఎప్పుడో చచ్చిందయ్యా. పుండు మీద కారం చల్లకు.”

అయినా వినకుండా అతనే వైర్లు తగిలించి స్విచ్చి నొక్కాడు. గుయ్యిమంటూ మోత మొదలైంది. తెర మీద ఆకుపచ్చటి అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. ఈ రోజు తేదీ ఏమిటో చెప్పమంటోంది మిషను.

పెద్దాయన దిగ్గున లేచాడు. “వెలిగింది! చూశావటే, వెలిగింది! గది నాది!”

“వెలగదూ మరి! దీని బ్యాటరీని ఎవరో ఎప్పుడో పట్టకారుతో మొదలంటా కత్తిరించేశారు,” అన్నాడు తుక్కు మనిషి, లోపలికి తొంగి చూస్తూ. “ఎవరోగానీ, ఆ చేతికి దణ్ణం పెట్టుకోండి పెద్దాయనా.”

కూతురు చీపురు విసిరికొట్టి, కుడిచెయ్యి తెచ్చి ఆయన మొహానికెదురుగా చాపింది.

“పెట్టు నాన్నా. బొమ్మలో వేసుకుందామని కత్తిరించింది ఈ చెయ్యే!”