నలభై ఎనిమిదో నొక్కు

కాస్త ఆగండి, పేజీ మూసేయకండి, ఇది విని వెళ్దురుగాని. 2007లో సంగతి. ఖమ్మంలో ఓ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్న జ్యోత్స్నకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె కట్టిన మొదటి ప్యాకేజీలో తప్పు శనివారంలోగా సరికాకపోతే, లినక్స్ కొత్త సీడీలోంచి దాన్ని తీసేస్తారు.

ప్రోగ్రాం రాసింది ఆమె కాదు, వేంసూరు ఉదయ్ భాస్కర్. అతను రాసినదాన్ని సీడీలో ఒదిగేలా సర్దడం, వాడేవాళ్ల ఫిర్యాదులు అతనికి చేరవేయడం ఆమె పని. చిన్న ప్రోగ్రామే. హాస్టల్లో రాత్రి అన్నం తినేవాళ్లంతా పళ్లెం పట్టేముందు కీబోర్డు మీద పొడుగు మీట ఒక్కసారి నొక్కాలి. ఆ లెక్క చూసి మర్నాటి బియ్యం కొలుస్తారు.

ఏన్కూరు అవతల అడవి హాస్టల్లో పిల్లలు నలభై ఏడుగురు. లెక్క మాత్రం రోజూ నలభై ఎనిమిది.

"సోమవారం తనిఖీకొస్తరు బిడ్డా," అన్నాడు వార్డెన్ బసవపున్నయ్య ఫోన్లో. "ఒకరి బియ్యం నేను మింగుతున్న అంటరు. నా నౌకరి పోతది."

కంప్యూటర్ వంటగది పక్కనే ఉందనీ, మీట మీద రోజూ బూడిద చేరుతోందనీ కూడా చెప్పాడు. తడిగుడ్డతో తుడవమంది జ్యోత్స్న.

తన కోడ్ శుభ్రంగా ఉందనీ, ప్యాకేజీ కట్టడంలోనే ఏదో చెడిందనీ ఉదయ్ మెయిల్. విప్పి మళ్లీ కట్టినా అంతేనని ఈమె మెయిల్. మూడు రోజులు అలా పట్టు పట్టారు. చివరికి వార్డెన్ బస్సులో పంపిన ఫ్లాపీలో నొక్కిన వేళలన్నీ దొరికాయి. ఏడున్నరకల్లా నలభై ఏడూ అయిపోతున్నాయి. ఎనిమిది దాటాక ఇంకోటి. ఒకే ఒక్కటి.

ఆమె ఉదయ్‌కు ఫోన్ చేసింది.

"మీ అడవి ఎలుకలేమైనా తొక్కుతున్నాయేమోనండీ," అన్నాడతను.

"ఎలుక రోజూ ఒక్కటే టైముకు డ్యూటీకొస్తదా?"

అతనికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు. గడువేమో ముంచుకొచ్చింది. అందరూ నొక్కాక పావుగంట దాటి వచ్చే నొక్కును వదిలేయమని జ్యోత్స్న నాలుగు లైన్ల సవరణ రాసింది. ఉదయ్ గొణుక్కుంటూనే దాన్ని తన అసలు కోడ్‌లో కలుపుకున్నాడు. ప్యాకేజీ నిలిచింది. ఆ శనివారమే సరిచేసిన సీడీ బస్సెక్కింది. సోమవారం తనిఖీ గడిచింది, వార్డెన్ నౌకరీ నిలిచింది.

వారం తర్వాత వార్డెన్ ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆమె ఎగురుకుంటూ వెళ్లింది.

"ఇప్పుడు రిజిస్టర్ ఎంతో లెక్క గంతే. బియ్యం గింజ ఎక్కువ పోతలేదు," అని మురిసిపోయాడాయన.

తిన్నాక, తను లెక్క సరిచేసిన ఆ కంప్యూటర్ను ఓసారి చూసుకుందామని ఆమె హాస్టల్‌కు నడిచింది. ఎనిమిది దాటింది. పిల్లలు పక్కలు వేసుకుంటున్నారు. తెర మీద 47. పొడుగు మీట మీద మళ్లీ బూడిద. ఇదేం గోలరా అనుకుంటుండగా, గుండిగ తోమిన వంటమనిషి ద్వాలి బూడిద చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, మీట నొక్కింది. అంకె కదల్లేదు. మళ్లీ చూసింది. కదల్లేదు.

"పెద్దమ్మా, నువ్వెందుకు నొక్కుతున్నవ్?"

ఆమె చెప్పిన జవాబు వింటే మీరైతే ఏం చేసేవారు?

"తినేటోళ్లంతా నొక్కాలన్నరు కద బిడ్డా," అంది ద్వాలి, ఈ పూట కూడా మెతుకు పడని తన పళ్లెం బోర్లిస్తూ.