మూడు కుదుపులు

తాడులో మూడు కుదుపులు వచ్చాయి. బావ అరచేతులకి ముందు తెలిసింది, ఆ తర్వాతే అతనికి.

"మూడు!" అని అరిచాడు.

జలాశయం గేటు పక్కన ఇనప వేదిక మీద ఉన్నది ఇద్దరే మనుషులు. తాడు పట్టుకున్న బావ, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న సూపర్వైజరు. మూడోది స్తంభానికి బిగించిన పెట్టెలోంచి మాట్లాడే ఏఐ. పని తాలూకు ప్రతి సంగతీ గుర్తుపెట్టుకుంటుంది కనక దాన్ని అందరూ చిట్టా అంటారు. నలభై అడుగుల కింద, తూము లోపల, గేటు పగుళ్లు చూడటానికి దిగినవాడు బావ భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. వాడు "బావా, బావా" అని పిలిచీ పిలిచీ పనివాళ్లందరికీ అతను బావే అయిపోయాడు.

పొద్దుటి నుంచి వరద చెత్త కొట్టుకొస్తోంది. కొమ్మలతో సహా వచ్చిన దుంగ ఒకటి గేటు దగ్గర మునిగి, మళ్లీ తేలలేదు. ఆ కాసేపటికే కిందవాడి హెల్మెట్లో ఫోను మూగబోయింది. ఇక మాట్లాడుకోవడానికి మిగిలింది తాడే.

"మూడంటే తాడు వదలమని. ఇంకా లోపలికి వెళ్తున్నాడు, వదలండి," అన్నాడు సూపర్వైజరు.

బావ వదల్లేదు. పదకొండేళ్లుగా మూడు కుదుపులంటే పైకి లాగమనే. ఈ మధ్య వేరే బృందం ఒకటి వచ్చి కలిసింది. అందరికీ ఒకే సంకేతాలు ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నిన్న సాయంత్రం సూపర్వైజరు కూర్చుని చిట్టా చేత కొత్త అర్థం రాయించాడు. పాతది చెరిపెయ్యమంటే మాత్రం అది ఒప్పుకోలేదు. కొత్తది పైన ఉంటుంది, పాతది తేదీతో సహా కింద ఉంటుంది అంది. "మా నాయనమ్మ ట్రంకుపెట్టెలా ఉంది, చిరిగిన చీర కూడా పారెయ్యదు," అని సూపర్వైజరు నవ్వాడు. బావ కూడా నవ్వాడు. ఇప్పుడు బావ తాడు వదలకుండానే పెట్టెని అడిగాడు.

"చిట్టా, మూడుకి ఏమని ఉంది?"

"ఇప్పటి అర్థం, తాడు వదలాలి. నిన్నటి వరకు, పైకి లాగాలి."

"మారిన సంగతి వాడికి తెలుసా?"

"చెప్పానని సూపర్వైజరు గారు చెప్పారు. విన్నానని డైవరు చెప్పినట్టు నా దగ్గర లేదు."

"పొద్దున నేనే చెప్పాను కదండీ! తలూపాడు కూడా."

"వాళ్లక్క ఏం చెప్పినా అలాగే ఊపుతాడు. ఒక్కటీ చెవికెక్కదు." అన్నాడు బావ.

తాడుతో పాటు గాలి గొట్టం కూడా గేటు ఇనప అంచుని ఆనుకునే లోపలికి వెళ్లింది. వాడు ముందుకి వెళ్తుండగా వెనక్కి లాగితే ఆ అంచుకి గొట్టం తెగిపోతుంది. వాడు పైకి లాగమంటుంటే తాడు వదిలితే, నీటి ఒరవడికి తూములోకి కొట్టుకుపోతాడు. ఏది పొరపాటైనా వాడు దక్కడు. ఇంటికెళ్లి వాళ్లక్కకి ఏ ముఖం చూపించాలో బావకి తెలియలేదు.

తాడుని ఒక్కసారి కుదిపాడు. బాగున్నావా అని అడగడం అది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి. కాస్త ఆగి రెండు.

"మళ్లీ మూడే!" అన్నాడు సూపర్వైజరు. "వదలండి బావా, తాడు చాలట్లేదు వాడికి."

"కుదుపుల మధ్య వ్యవధి సమానంగా లేదు," అంది చిట్టా. "ఆయన ఎప్పుడూ ఇలా కుదపలేదు."

"చలికి చేతులు కొంకర్లు పోయుంటాయి."

"కాదు," అన్నాడు బావ. "భయపడ్డాడు. భయంలో ఉన్నవాడికి పొద్దున విన్నమాట గుర్తొస్తుందా? చేతికి పదకొండేళ్ల అలవాటే వస్తుంది. చిట్టా, పాత అర్థం ప్రకారం లాగుతున్నాను. నా నిర్ణయమేనని రాసుకో."

"ఏదైనా జరిగితే నాకు సంబంధం లేదు!" అన్నాడు సూపర్వైజరు. అంటూనే వచ్చి బావ వెనక నిలబడి తాడు పట్టుకున్నాడు.

గొట్టం ఒరుసుకోకుండా మూర మూరగా, ఊపిరి బిగబట్టి లాగారు. మధ్యలో తాడుకి చుట్టుకుని కొమ్మ ఒకటి వచ్చింది. బావ విసుగ్గా దాన్ని విరిచి నీళ్లలోకి విసిరేశాడు. ఆ తర్వాత హెల్మెట్ కనబడింది. దానికి ఒక పక్క సొట్ట. లోపల గడ్డం దాకా నీళ్లు.

వేదిక మీద పడుకోబెట్టి హెల్మెట్ ఊడదీశారు. మనిషిలో కదలిక లేదు. బావ వాడి చెంపలు వాయించాడు, తిట్టాడు, వాళ్లక్క మీద ఒట్టు పెట్టాడు. చాలాసేపటికి వాడు భళ్లున నీళ్లు కక్కి దగ్గాడు. బావ అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సూపర్వైజరు నుదుటి చెమట తుడుచుకుని పెట్టె వైపు తిరిగాడు. "చిట్టా, రాయి. ఆపదలో డైవరు పాత సంకేతమే వాడాడు. కాబట్టి మూడంటే మళ్లీ పైకి లాగడమే."

"ఆయన్ని అడిగి రాస్తాను," అంది చిట్టా. "నిన్న అడగలేదు."

బావ కళ్లు తుడుచుకుంటూ బావమరిది మీదికి వంగాడు.

"చెప్పరా, పాత లెక్కేగా? పైకి లాగమనేగా మూడుసార్లు కుదిపావు?"

వాడు అయోమయంగా చూశాడు. చేత్తో తల తడుముకుని, మాట కూడదీసుకున్నాడు.

"లోపలికి వెళ్లగానే దుంగేదో తలకి తగిలింది బావా. కళ్లు తెరిస్తే ఇక్కడున్నాను."

"మరి ఆ కుదుపులు?"

"నేను తాడు ముట్టుకోనే లేదు."